పొత్తు గుర్రం

ఈ వారం టపాలో బొర్రా నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి ఉన్నది. రాసినాయన ఉద్యోగరీత్యా మూడేళ్ళుగా ఆ కొండల్లో కాపురం ఉంటున్నారు. పేరూ, కచేరీ బయట పెట్టవద్దన్నారు గనక పెట్టను. "సాయంత్రం విశాఖపట్నం దిగే రైలు వెళ్ళిపోయి, గుహలు చూడవచ్చిన జనం కూడా దానితోపాటే వెళ్ళిపోయాక, ఇక్కడ మాట్లాడుకోవటానికి మేం నలుగురమే మిగులుతాం" అని మొదలుపెట్టారు. ఆ నలుగురూ మూడేళ్ళపాటు మాట్లాడుకుని, చివరికి ఒక గుర్రం దగ్గర ఆగారట.

సంగతేమిటంటే, వారిలో ఒకాయన మేనత్త కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. ఆయనా మరో ముగ్గురూ కలిసి మలక్‌పేట పందేల్లో పరుగెత్తే గుర్రాన్ని ఒకదాన్ని కొన్నారు. కిందటి చలికాలంలో అది ఒక పందెం గెలిచింది కూడా. ఇప్పుడు భాగస్వాముల్లో ఒకరు తప్పుకుంటున్నారు. ఆ పావలా వాటాను బొర్రా మిత్రులు నలుగురూ కలిసి తీసుకోవాలని ఆలోచన. అంటే మనిషికి పదహారో వంతు. పాత లెక్కలో చెప్పాలంటే గుర్రంలో అణా వాటా. "ముగ్గురం చేతిలో ఉన్నది పెడుతున్నాం. నాలుగో ఆయన చీటీ పాడి తెస్తానంటున్నారు. ఇళ్ళలో మాత్రం ససేమిరా అంటున్నారు. మీరు పత్రికలో నాలుగు మంచి ముక్కలు రాస్తే చూపించుకుంటాం" అని ముగించారు.

ఉత్తరాన్ని మా ఇంట్లో పైకి చదివాను. మా ఆవిడ చివరిదాకా విని, "గెలిస్తే డబ్బు పదహారు వాటాలు వేస్తారు, బాగానే ఉంది. కుంటితే ఎవరి పెరట్లో కడతారు?" అన్నది.

ప్రశ్న కొత్తదేమీ కాదు. మర్యాద రామన్న దగ్గరకు వచ్చిన తగాదాలో ఉన్నది ఇదే. నలుగురు దూది వర్తకులు ఎలుకల బాధ పడలేక పొత్తున ఒక పిల్లిని పెంచారు. తలా ఒక కాలు పంచుకున్నారు. ఒక కాలికి దెబ్బ తగిలితే, ఆ కాలి ఆసామి నూనెగుడ్డ చుట్టాడు. గుడ్డకు దీపం అంటుకున్నది. పిల్లి బెదిరిపోయి దూదికొట్లోకి ఉరికింది. సరుకంతా బుగ్గి. నీ కాలి వల్లనే గదా అని ముగ్గురూ నాలుగోవాడి మీద ఫిర్యాదు చేశారు. కుంటికాలు నేల మీద ఆననే ఆనదు, పిల్లిని దూదిలోకి మోసుకుపోయినవి బాగున్న మూడు కాళ్ళే, కాబట్టి ఆ ముగ్గురే నాలుగోవాడికి నష్టం ఇచ్చుకోవాలన్నాడు రామన్న. చిన్నప్పుడు ఈ తీర్పు విని మనమంతా మురిసిపోయినవాళ్ళమే. కాని తీర్పంతా దూదిని గురించే సుమండీ. పిల్లి ఏమైందని ఆ సభలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఇంతకీ మలక్‌పేట. హైదరాబాదు పందేలు 1868లో మౌలాలీలో మొదలైనాయంటారు. 1886లో ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించాడు. ఇప్పటి రేస్ క్లబ్బు ఏర్పడింది 1961లో. వానాకాలం ఒక విడత, చలికాలం ఒక విడత పందేలు జరుగుతాయి. పేరుపడ్డ డక్కన్ డెర్బీని అక్టోబరు 2న నడపటం అక్కడి ఆనవాయితీ. గాంధీ జయంతినాడు గుర్రప్పందెం ఏమిటని నన్నడగకండి. ఆ రోజు సెలవు అన్న జవాబు తప్ప నాకు మరొకటి తోచటం లేదు.

ఒకప్పుడు పందెపు గుర్రమంటే సంస్థానాధీశుల వ్యవహారం. ఇంగ్లండులో 1934 నాటి డెర్బీ గెలిచిన విండ్సర్ లాడ్ రాజపిప్లా మహారాజాది. 1947లో సెంట్ లెజర్ గెలిచిన సాయాజీరావు అనే గుర్రం బరోడా మహారాజాది. అంతమాత్రాన పొత్తు అనేది చాలీచాలని వాళ్ళ ఉపాయమనుకోకండి. 1948లో డెర్బీ గెలిచిన మై లవ్ అనే గుర్రాన్ని ఆగాఖాన్ అంతటివాడు ఒక ఫ్రెంచి పెద్దమనిషితో సగపాలున ఉంచుకున్నాడు. తరవాత రాజ్యాలు పోయినాయి, బిరుదులు పోయినాయి, గుర్రం తిండి మాత్రం పిసరంత తగ్గలేదు. అంచేత డాక్టర్లూ, ప్లీడర్లూ, వ్యాపారులూ నలుగురేసి, అయిదుగురేసి చేతులు కలపటం మామూలైంది.

గుర్రం పేరూ, పొత్తుదార్ల పేర్లూ, ఎవరి వాటా ఎంత అన్నదీ క్లబ్బు పుస్తకాల్లోకి ఎక్కాలి. గుర్రం మాత్రం మీ ఇంటికి రాదు. ట్రైనరుగారి లాయంలో ఉంటుంది. దాణా, గడ్డి, సాయీసు జీతం, నాడాలు, డాక్టరు, మందులు అన్నీ కలిపి నెలనెలా బిల్లు వస్తుంది. ఆ నెల పందెం ఉన్నా వస్తుంది, లేకున్నా వస్తుంది. పందెంలోకి దింపాలంటే ప్రవేశ రుసుము వేరు, జాకీ రుసుము వేరు. పోనీ రాబడి చూద్దామంటే, బహుమతి డబ్బు ముందు వచ్చిన నాలుగైదు గుర్రాలకే. అందులో ట్రైనరుకూ జాకీకీ వారి భాగాలు పోయాక మిగిలినది పొత్తుదార్లది. ఒక పందెంలో పదీ పన్నెండు గుర్రాలు పరుగెత్తితే, సగానికి పైగా గుర్రాల ఆసాములు ఆ సాయంత్రం వట్టి చేతులతో ఇల్లు చేరుతారు. ఎక్కడ చూసినా చాలా గుర్రాలు తమ తిండిఖర్చు కూడా తాము సంపాదించుకోలేవు.

"కిందటి చలికాలంలో గెలిచింది" అన్న మాటను బొర్రా మిత్రుడు కింద గీత గీసి మరీ రాశారు. ఆ గీత దగ్గర కాస్త ఆగుదాం. మన దేశంలో చాలా పందేలు బరువు కట్టి నడిపేవి. గుర్రాలన్నీ ఇంచుమించు ఒక్కసారే గమ్యం చేరేటట్లు చూడటం నిర్వాహకుల ఉద్దేశం. అందుకోసం బాగా పరుగెత్తే గుర్రం వీపున ఎక్కువ బరువూ, వెనకబడే దాని వీపున తక్కువ బరువూ నిర్ణయిస్తారు. జాకీ మరీ తేలికైన మనిషైతే, తక్కువైన బరువుకు జీనులో సీసపు పలకలు పెట్టి సరిచేస్తారు. ఒక పందెం గెలిచిందంటే మర్నాటినుంచి దాని లెక్క మారుతుంది. మరుసటి పందెంలో మరికాస్త బరువు, లేకపోతే తనకన్నా గట్టి గుర్రాలతో పోటీ. బళ్ళో మొదటి మార్కు తెచ్చుకున్న కుర్రవాడి సంచిలో మర్నాడు ఇంకో రెండు పలకలు వేసి పంపినట్లన్నమాట. కాబట్టి నిన్న గెలిచిన గుర్రంలో ఇవాళ వాటా కొనేవాడు గెలుపును కొనటం లేదు, ఆ గెలుపు తెచ్చిన బరువును కొంటున్నాడు. తప్పుకుంటున్న పెద్దమనిషికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. ఆయన ఎందుకు తప్పుకుంటున్నాడో ఉత్తరంలో లేదు.

ఇక కాళ్ళ సంగతి. పందెపు గుర్రం అయిదు వందల కిలోల దాకా తూగే జంతువు. దాని కాళ్ళు చూస్తే మన ముంజేతికన్నా ఎంతో లావుండవు. దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క క్షణాన ఆ బరువంతా ఒక్క కాలి మీదనే పడుతుంది. రెండేళ్ళ వయస్సులోనే పందేలకు దింపుతారు. మరో తమాషా ఏమిటంటే, మన దేశంలో పందెపు గుర్రం ఎప్పుడు పుట్టినా అన్నిటికీ పుట్టినరోజు జనవరి 1వ తేదీయే. కాలి వెనక ఉండే నరం లాంటి పట్టీ ఒకసారి తెగిందా, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైగా విశ్రాంతి కావాలి. రాబడి ఆగుతుంది గాని బిల్లు ఆగదు. పొత్తులు చెడేది సరిగ్గా ఇక్కడే. ఒకాయన అమ్మేద్దామంటాడు. ఒకాయన ఆగుదామంటాడు. మూడో ఆయన ఫోను తియ్యటం మానేస్తాడు.

మూడో ఆయన తియ్యకపోతే ఏమవుతుందో తెలుసునా? పందేల నిబంధనల ప్రకారం పొత్తుదార్లందరూ జమిలిగానూ బాధ్యులే, విడివిడిగానూ బాధ్యులే. 1932 నాటి భాగస్వామ్య చట్టం కూడా వ్యాపార భాగస్వాములను గురించి అదే మాట చెబుతుంది. ఒక వస్తువును నలుగురు కలిసి ఉంచుకుని దాని రాబడి పంచుకున్నంత మాత్రాన అది భాగస్వామ్యం కాదని ఆ చట్టమే అంటుందనుకోండి. అది ప్లీడర్లు వాదించుకోవలసిన విషయం. క్లబ్బు బాకీ దగ్గర మాత్రం అణా వాటాదారుణ్ణి పట్టుకుని రూపాయీ అడగవచ్చు. గెలుపులో అణా, బాకీలో పదహారణాలు.

1996లో మద్రాసు రేసుల కేసులో గుర్రప్పందెం జూదం కాదనీ, ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తీర్పును మా ఆవిడ దగ్గర ఉదహరించి చూశాను. "నైపుణ్యం గుర్రానిదీ, జాకీదీ. ఈ నలుగురిదీ ఏముంది?" అన్నది. ఆ తరవాత పన్నులు కూడా బిగిసినాయి. పందెం కాసిన మొత్తం మీద నూటికి ఇరవై ఎనిమిదిగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు నుంచి నలభై అయింది. పందెం కాసేవారు తగ్గితే క్లబ్బు రాబడి తగ్గుతుంది, అది తగ్గితే బహుమతి డబ్బుకూ ఇబ్బందే.

ఇంతదూరం వచ్చాక బొర్రా మిత్రుణ్ణి ఒక్కసారి మలక్‌పేట మరచిపోయి తన చుట్టూ చూడమంటాను. ఆయన ఉన్న అనంతగిరి మండలంలోనే మోటారు బాట లేని గూడేలున్నాయి. ఆ గూడేలకు రేషను బియ్యం కొండగుర్రాల మీద ఎక్కుతుంది. పొట్టి గుర్రాలు, జూలు చింపిరి, పేరూ ఊరూ ఏ పుస్తకంలోనూ ఉండవు. కాని అవి లేకపోతే పొయ్యిలో పిల్లి లేవని ఇళ్ళున్నాయి. 2020లో జి.మాడుగుల వైపు ఒక కొండ గూడెంవాళ్ళు తమ పంతులుగారు రోజూ నడవలేక బడి మానేస్తారేమోనని, డబ్బులు పోగుచేసి ఆయనకు గుర్రం కొనిచ్చారని పత్రికల్లో వచ్చింది. అది పొత్తు గుర్రమే. దాని మీద ఎవరూ లాభం లెక్క వేసుకోలేదు గనక తగాదాకు చోటు లేదు.

రెండేళ్ళ కిందట బొర్రా వెళ్ళినప్పుడు దారిలో బియ్యం మూటలు మోస్తున్న గుర్రాన్నీ, దాని వెంట నడుస్తున్న మనిషినీ చూసి, గుర్రం నీదేనా అని అడిగాను.

"సగం నాది బాబూ. సగం మా బావది."

"ముందు సగమా, వెనక సగమా?" అన్నాను వేళాకోళానికి. ఆవును పంచుకున్న అన్నదమ్ముల కథలో అన్న వెనక సగం తీసుకుని పాలు పిండుకోవటం, ముందు సగం వచ్చిన తమ్ముడు మేత వెయ్యటం మనకు తెలిసినదే గదా. ఆ మనిషి నవ్వలేదు.

"వారాల లెక్క బాబూ. ఎవుల వారం ఆలదే. ఎవుల దగ్గరుంటే ఆలే మేపాల."

"కుంటితే?"

"ఎవుల వారంలో కుంటితే ఆలే మందేయాల. మానకపోతే, అమ్మాలో ఉంచాలో మేపినోడు సెప్పాల. రెండోవోడు ఇనాల."

అయిదు మాటల్లో ఒడంబడిక పూర్తి. మేపటం, వైద్యం, అమ్మకం మూడూ వచ్చేశాయి. హైదరాబాదు పొత్తు కాగితాల్లో ఈ మూడు ముక్కలూ ఉన్నాయో లేవో మన మిత్రుడు చూసినట్లు లేదు.

మైదానంలో కూడా పెయ్యదూడను పాలుకు ఇవ్వటం మన పెద్దవాళ్ళు ఎరిగినదే. ఒకరిది పెయ్య, ఇంకొకరిది మేపు. అది ఈనాక ఖరీదు కట్టి ఇద్దరూ పంచుకుంటారు. అక్కడ మేపు కూడా పెట్టుబడి కిందనే లెక్క. బొర్రా గుహలు బయటపడిన కథ చూడండి. కొండ మీద మేస్తున్న ఆవు పైకప్పు కంతలోంచి లోపలికి పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ కాపరి దిగితే లోపల శివలింగం కనిపించిందనీ చెబుతారు. ఆ గుహల దగ్గర పారే ఏటికి కూడా గోస్థని అనే పేరు. ఆ చీకట్లోకి ఆవుకోసం దిగినవాడు కాపరి. ఆవు ఆసామి దిగినట్లు నేను విన్న ఏ కథలోనూ లేదు.

పొత్తు గుర్రాలన్నీ ముంచుతాయని చెప్పటం నా ఉద్దేశం కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు చిన్న ఊరి స్నేహితులు కొందరు మొదట మనిషికి అయిదేసి వేల డాలర్లు వేసుకుని పొత్తు పెట్టారు. తరవాత కొన్నాళ్ళకు 75 వేల డాలర్లకు ఫనీ సైడ్ అనే గుర్రాన్ని కొన్నారు. 2003లో అది కెంటకీ డెర్బీ గెలిచింది. ఆసాములు ఆ పందేనికి పసుప్పచ్చ బడిబస్సు అద్దెకు తీసుకుని వెళ్ళారు. తరవాత ప్రీక్‌నెస్ కూడా గెలిచి, మూడోదైన బెల్మాంటులో వానలో మూడో స్థానానికి దిగిపోయింది. అది విత్తులు కొట్టిన గుర్రం. మామూలుగా అంతటి విజేతను పిల్లలకోసం వాడుకుని ఆసాములు లక్షలు గడిస్తారు. వీరికి ఆ ఆశ లేదు. పరుగెత్తినన్నాళ్ళే రాబడి. 2007 దాకా పరుగెత్తించి, తరవాత కెంటకీలో గుర్రాల పార్కుకు పంపారు. 2023లో అక్కడే పోయింది.

నాకు ఇంకా నచ్చినది వేల్సు దేశపు కథ. బొగ్గుగనులు మూతబడిన ఊళ్ళో మద్యశాలలో పనిచేసే ఒక ఇల్లాలు, పందెపు గుర్రాన్ని పెంచాలని పట్టుబట్టింది. ఆమె భర్తా ఆమే కలిసి కొన్ని వందల పౌన్లకు ఆడగుర్రాన్ని కొని దానికి పిల్లను పుట్టించారు. 2001లో పుట్టిన ఆ పిల్లే డ్రీం అలయన్స్. ఊరివాళ్ళు ఇరవైమందికి పైగా చేరి మనిషికి వారానికి పది పౌన్లు వేసుకుని దాన్ని పెంచారు. పది పౌన్లు పోతే ఆ వారం తాగుడు తగ్గుతుందేగాని ఇల్లు మునగదు. 2008లో పందెంలో దాని కాలి నరం తెగింది. అప్పుడు చూడాలి పొత్తు సంగతి. గుర్రం అంతదాకా సంపాదించినదాన్ని తలా ఇంత పంచుకోకుండా, దాని కాలికే ఖర్చు పెట్టి మూలకణాల వైద్యం చేయించారు. 2009 డిసెంబరులో అది వేల్సు గ్రాండ్ నేషనల్ గెలిచింది. తరవాత ఊపిరితిత్తుల జబ్బు బయటపడి, 2012లో పందేలు మాన్పించారు. అన్నీ పోను మనిషికి మిగిలినది 1,430 పౌన్లు. అన్నేళ్ళకు అది పెద్ద లాభమేమీ కాదు. ఆ ఊరివాళ్ళు మాత్రం దాని మీద తీసిన సినిమాలు రెండు చూశారు.

పరుగు మాన్పించిన గుర్రం ఎక్కడికి పోతుందన్నది తేలికగా కొట్టివేసే ప్రశ్న కాదు. పుణెలో పూనావాలాల పెంపకశాల నుంచి ముసలి గుర్రాలను బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చేవారు. గుర్రం రక్తంలోంచి విషాలకూ రోగాలకూ విరుగుడు సీరం తీస్తారక్కడ. ఆ పని మనమే ఎందుకు చెయ్యకూడదని వారి కుమారుడు 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఈనాడు ప్రపంచంలో టీకాలు తయారుచేసే సంస్థల్లో అది ముందువరసలో ఉన్నది. ప్రతి ముసలి గుర్రానికీ అంత ఘనమైన ఉపయోగం దొరకదు. కొన్ని స్వారీ బళ్ళకు పోతాయి. కొన్ని చేతులు మారి మారి ఎక్కడికో పోతాయి.

కాబట్టి బొర్రా మిత్రుడికి నేను చెప్పేది ఇది. చీటీ పాడి డబ్బు తెస్తానంటున్న నాలుగో ఆయన్ను వద్దనండి. చీటీ వాయిదా నెలనెలా ఉంటుంది, గుర్రం బిల్లూ నెలనెలా ఉంటుంది. రెండూ ఒక్క జీతంలోంచి పోవాలి. పాట పాడిన రోజునే ఆ ఇంట్లో పిల్లల ఫీజుల సంగతి తేలిపోతుంది. ఆయన స్నేహం పోతుందేమోనన్న మొహమాటం వద్దు. ఏడాది పోయాక ఆయన వాటా బిల్లు మీ ముగ్గురి నెత్తిన పడిననాడు పోయేది అసలు స్నేహమే.

మిగతా ముగ్గురూ సరదాపడితే పడండి. సెలవుల్లో ఊటీ వెళితే ఖర్చు కాదా? ఆ ఖాతాలో రాసుకోండి. అయితే మీ పేర్లు క్లబ్బు పుస్తకంలోకి ఎక్కుతాయా, లేక మేనత్త కొడుకు పేరు చాటున ఉంటారా అన్నది ముందు తేల్చుకోండి. చాటు వాటాదారుడికి గుర్రం గెలిచిన సంగతి కూడా పేపర్లో చూసే తెలుస్తుంది. నెలకు ఇంతకు మించి ఇవ్వమని అంకె వెయ్యండి. గుర్రం కుంటితే ఎన్ని నెలలు చూస్తారో, అమ్మే మాట ఎవరిదో, పరుగు మానాక ఎక్కడ ఉంచుతారో రాయించండి. అనంతగిరి మనిషి అయిదు మాటల్లో తేల్చాడు గనక మీకు ఒక పేజీ చాలు.

సంతకాలకు ముందు ఒక్కసారి హైదరాబాదు వెళ్ళండి. ఆడవాళ్ళనూ తీసుకువెళ్ళండి. పందెం రోజున కాదు, మామూలు రోజున, తెల్లవారుజామున గుర్రాలకు పరుగు నేర్పే వేళకు వెళ్ళండి. పరుగు అయ్యాక లాయం దగ్గర సాయీసుతో పది నిమిషాలు మాట్లాడండి. ట్రైనరు చెప్పనివీ, మేనత్త కొడుక్కి తెలియనివీ అతనికి తెలుస్తాయి. ఏ కాలు ముందు పెట్టి నిలబడుతున్నదో, ఏ కాలు వేడిగా ఉంటున్నదో అడగండి. అన్నిటికన్నా ముందు, రాత్రి వేసిన దాణా తెల్లవారేసరికి తొట్టిలో మిగులుతున్నదా అని అడగండి. మిగులుతున్నదన్నాడంటే మారుమాట లేకుండా రైలెక్కి బొర్రాలో దిగండి.